ఐలవ్వ తీసిన తరుగు

మా ఊరి తల్లీబిడ్డల కేంద్రంలో పిల్లల తూకాలు రాసే రిజిస్టరు ఒకటుంది. అందులో ఒక పిల్లవాడి పేరు ఎదుట ఎర్ర సిరాతో కొట్టివేత, దాని పక్కన "దొంగ లెక్క" అనే రెండు మాటలు ఉన్నాయి. ఆ మాటలు రాసిన మనిషి జీపులో వచ్చి, అరగంట కూర్చుని, చాయ తాగి వెళ్ళిపోయాడు. ఆ మాటలు ఎవరి మీద పడ్డాయో ఆమె ఆ కేంద్రంలో ఏడేళ్ళు ఆయాగా పనిచేసింది. పేరు ఐలవ్వ. ఆమెకు అంకెలు తప్ప అక్షరాలు రావు కాబట్టి తన మీద ఏం రాశారో చదువుకోలేదు. నేను చదివాను. ఆ రాత అక్కడ పడటానికి నా చెయ్యి కూడా కారణం కాబట్టి ఆమె సంగతి నేనే రాయాలి.

మా ఊరు సుల్తానాబాద్ నుంచి ఎడ్లబండిలో గంట దూరం. సగం ఊరు వరి పండిస్తుంది, సగం ఊరు మగ్గాలు నేస్తుంది. మా ఆయన రామచంద్రం గారికి ఇక్కడి హైస్కూల్లో సైన్సు మాస్టరుగా బదిలీ అయి వచ్చాం. నేను హైదరాబాదులో రసాయనశాస్త్రం చదివి, ఒక ఏడాది కాలేజీ లాబరేటరీలో పనిచేసి, నర్మద కడుపున పడ్డాక మానేశాను. నర్మద పుట్టినప్పుడు ఐదు పౌండ్లు. ఆ ఐదు పౌండ్లు నా గుండె మీద ఐదు మణుగులై కూర్చున్నాయి. పిల్ల తుమ్మితే భయం, తుమ్మకపోతే భయం.

అరవై అయిదో సంవత్సరం ఆగస్టులో, నర్మదకు పదకొండో నెలలో, మొదటిసారి దాన్ని కేంద్రానికి తీసుకుపోయాను. గురువారం తూకాల రోజు. కొత్తగా వచ్చిన కిలోల కాటా మీద ఐలవ్వ పిల్లల్ని పడుకోబెట్టి అంకె చెప్తుంది. కంపౌండరు సిద్దిరాములు రిజిస్టరులో రాస్తాడు. గోడకు ఒక పట్టిక ఉంది. ఏ నెలలో ఎంత బరువుకు తక్కువైతే ఆ బిడ్డకు పాలపొడి ఇవ్వాలో అందులో గీతలు గీసి ఉన్నాయి. పదకొండో నెల ఆడపిల్లకు గీత ఏడు కిలోల దగ్గరుంది.

ఐలవ్వ నలభై అయిదేళ్ళ మనిషి. ఎండిన ముఖం, పొడుగాటి వేళ్ళు. నర్మదను కాటా మీద పెట్టి, ముల్లు నిలిచే దాకా ఊపిరి బిగబట్టి, "ఏడు కిలోల ముప్పై," అంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. అంతలో ఆమె నర్మద కాళ్ళ కడియాలను ఒక వేలితో ఎత్తి చూసింది. నడుముకున్న వెండి మొలతాడును అరచేతిలో వేసుకుని రెండుసార్లు ఊపింది.

"వెండికి ఇరువై తులాలు తరుగు. ఆరు కిలోల ఎనిమిది నూర్లు రాయి, సిద్దిరాములూ."

"అంచనా మీద ఎట్లా తీస్తారు?" అన్నాను. "వెండి తీసేసి తూచండి."

"మొలతాడు ఇప్పుతవా, పంతులమ్మా? ఇప్పు. నాకేంది? రేపు మీ అత్తమ్మ నన్ను ఊర్లె ఉండనియ్యది."

వరండాలో కూర్చున్న తల్లులు పకపకా నవ్వారు. ఏడాది నిండని బిడ్డకు మొలతాడు విప్పడం మా వైపు ఎవరూ ఒప్పుకోరు. మగ్గాలవాడ పిల్లలకైతే నూలు తాడే ఉంటుంది, నా కూతురికి వాళ్ళ నానమ్మ పెట్టిన వెండి ఉంది. వెండి ఉన్న పిల్లకు గీత దాటిన బరువు, వెండి తీస్తే గీత కింది బరువు!

సిద్దిరాములు రాసుకుంటూ, "వచ్చే వారం పాలపొడి డబ్బ తీస్కపోండ్రి మేడం. మీ బిడ్డ గూడ మా బక్క లిస్టుల కొచ్చింది," అన్నాడు. పరాచికమే. కానీ నాకు చెంప మీద కొట్టినట్టయింది. కాలేజీలో మిల్లిగ్రాముకు తేడా వస్తే పొద్దంతా మళ్ళీ తూచిన దాన్ని. ఒక ఆయా అరచేతిలో ఊపి ఇరవై తులాలని, అంటే రెండువందల ముప్పై గ్రాములని చెప్తే, అది సర్కారు రిజిస్టరులో ఎక్కడమేమిటి?

ఆ సాయంత్రమే కూర్చుని పై ఆఫీసుకు ఉత్తరం రాశాను. మా కేంద్రంలో అంచనాల మీద తరుగులు తీసి తప్పుడు తూకాలు రాస్తున్నారని, కాటానూ రిజిస్టరునూ తనిఖీ చేయాలనీ రాశాను. కింద నా పేరు పక్కన నా డిగ్రీ కూడా రాశాను. మరునాడు పొద్దున్నే పోస్టు డబ్బాలో వేసి వచ్చాను.

నాలుగు రోజుల తర్వాత మా అత్తమ్మ బాసరకు వెళ్ళింది. ఆమె బండి మలుపు తిరగగానే నేను నర్మద వెండంతా విప్పి, మూటగట్టి, కంసాలి హనుమండ్లు దగ్గరికి పోయాను. అతని చిన్న త్రాసులో రెండుసార్లు తూయించాను. పందొమ్మిది తులాల ముప్పావు.

హనుమండ్లు నా ముఖం చూసి, "ఏందమ్మా, తక్కువచ్చిందా?" అన్నాడు.

"లేదు. సరిగ్గానే వచ్చింది," అన్నాను.

ఇంటికి వచ్చి ఇంకో ఉత్తరం రాసి, మొదటిది తప్పని చెప్పాల్సింది. రాయలేదు. ఉత్తరాలు ఎవరు చదువుతారులే అనుకున్నాను. చదువుకున్నవాళ్ళం మన తప్పును ఇంత సుఖంగా మరిచిపోగలం.

నర్మద బక్క లిస్టులో చేరాక నాకు నిద్ర కరువైంది. నా దగ్గర పిల్లల ఆహారం మీద ఒక పుస్తకం ఉంది. ఆ వయసు బిడ్డకు కిలో బరువుకు రోజుకు నూరు కాలరీల శక్తి కావాలని అందులో ఉంది. అంటే నర్మదకు ఆరువందల ఎనభై. గిన్నెలో జావ తూచి పెట్టేదాన్ని, మిగిలింది తూచి తీసేసేదాన్ని. మూతికి అంటింది కూడా గుడ్డతో తుడిచి ఆ గుడ్డను తూచిన రోజులున్నాయి. నోట్‌బుక్‌లో వారం రోజుల సగటు మూడువందల తొంభై వచ్చింది. రెండువందల తొంభై తక్కువ! నా బిడ్డ రోజూ సగం ఆకలితో ఉందని కుమిలిపోయాను.

అప్పుడొకరోజు ఐలవ్వ మా ఇంటికి వచ్చింది. పాలపొడికి నేను వెళ్ళలేదు కాబట్టి తనే డబ్బా తెచ్చింది. నేను త్రాసు ముందు కూర్చుని ఉన్నాను.

"ఎంగిలి గూడ తూస్తున్నవా, పంతులమ్మా? ఏం, అమ్ముతవా?"

నోట్‌బుక్ చూపి నా బాధంతా చెప్పాను. ఆమె నోట్‌బుక్ చూడలేదు. నేల మీద పాకుతూ చీపురు పుల్లలు పీకి నమలబోతున్న నర్మదను చూసింది.

"గీ పిల్ల దినమంత గిట్లనే పాకుతదా?"

"ఒక్క నిమిషం నిలవదు."

"తిండి చాలని బిడ్డ ముందుగాల ఆట బందు వెడ్తది. బరువు గాదు, ఆట. ఆట ఉన్నదంటే లెక్కల ఏదో తప్పిపోయింది. రాత్రంత నీ దగ్గర తాగుతది గద, అది ఎవలు రాసిండ్రు నీ బుక్కుల?"

నేనది రాయలేదు. గిన్నెలో కనిపించేదే లెక్క అనుకున్నాను.

మర్నాడు కేంద్రంలో ఎవరూ లేని వేళ ఆమె నర్మదను కాటా మీద పెట్టింది. తర్వాత నేను అక్కడే గోడకు తిరిగి కూర్చుని పాలిచ్చాను. బట్టలు మార్చకుండా మళ్ళీ కాటా మీద పెట్టింది. ఎనభై గ్రాములు పెరిగింది. రోజుకు అయిదారు సార్లు తాగుతుంది. లెక్క వేస్తే నా రెండువందల తొంభై దాదాపుగా అక్కడే దొరికింది. నర్మద చిన్న ఎముకల పిల్ల, అంతే. రోగం పిల్లకు కాదు, నా నోట్‌బుక్‌కు.

ఆ తర్వాత గురువారాలు నేను కేంద్రంలో ఐలవ్వ పక్కనే కూర్చోవడం మొదలుపెట్టాను. అప్పుడే కొండల్‌ను చూశాను.

కొండల్ లస్మవ్వ కొడుకు. లస్మవ్వ, ఆమె పెనిమిటి ఇద్దరూ ఒకే మగ్గం మీద బతుకుతారు. పిల్లవాడికి ఏడాదిన్నర. చెల్లెలు కడుపున పడ్డాక తల్లి పాలు మానిపించింది. గంజీ, అన్నమే తిండి. గుండ్రటి ముఖం, బూరె బుగ్గలు, లావు కాళ్ళు. చూసినవాళ్ళు ముద్దుగా ఉన్నాడంటారు. కానీ వాడు ఆడడు. పెట్టిన చోట కూర్చుని సన్నగా ఏడుస్తాడు. జుట్టు మొక్కజొన్న పీచులా ఎర్రబారింది.

ఐలవ్వ వాణ్ని కాటా మీద పెట్టింది. "తొమ్మిది కిలోల నూరు," అంది. ఏడాదిన్నర పిల్లవాడికి గీత ఎనిమిదిన్నర. తర్వాత వాడి పాదం మీద బొటనవేలు ఆనించి, లోపల ఏదో లెక్కించుకుంటూ నొక్కి పట్టింది. వేలు తీస్తే అక్కడ సొట్ట పడింది, చాలాసేపు నిండలేదు. వాడి తొడను చెంపకు ఆనించుకుని కళ్ళు మూసుకుంది.

"నీళ్ళకు కిలో మూడు నూర్లు తరుగు. ఏడు కిలోల ఎనిమిది నూర్లు రాయి."

సిద్దిరాములు ఏమీ అడగకుండా ఏడు కిలోల ఎనిమిది వందలని రాశాడు. అతనూ మగ్గాలవాడలో పుట్టినవాడే. తరుగు తీసి నికరం రాయడం అతనికి కొత్త కాదు. కాటా మీది అంకె ఒకటి, తరుగు ఒకటి, నికరం ఒకటి, మూడూ వేర్వేరుగా రాయాలన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు. నూలు బజారులో అట్లా ఎవరూ రాయరు. ఆ ఒక్క పొరపాటు తప్ప ఆ ఇద్దరూ ఏ పాపం చేయలేదు.

"నీళ్ళ తరుగు నీకు ఎవరు నేర్పారు?" అని అడిగాను.

"నూలు నేర్పింది," అంది.

చిన్నప్పుడు ఐలవ్వ బాపు అంతయ్య నూలు తేవడానికి పోతూ ఆమెను వెంట తీసుకుపోయేవాడట. సావుకార్లు నూలు కట్టల మీద నీళ్ళు చిలకరించి బరువు పెంచి అమ్మేవారు. పైకి ఆరినట్టే ఉంటుంది, లోపల తడి. కట్టను చెంపకు ఆనించి, వేళ్ళతో నొక్కి, ఇందులో పోగెంత, నీళ్ళెంత అని చెప్పడం పదేళ్ళ ఐలవ్వకు అబ్బింది. "నా బిడ్డ తరుగు చెప్తది, సావుకారీ. తప్పయితే ఆరవెట్టి మళ్ళ తూద్దాం," అనేవాడట బాపు. ఒక్కసారి కూడా ఆరబెట్టాల్సిన పని పడలేదట.

పెళ్ళయి, మూడేళ్ళకే పెనిమిటి విషజ్వరంతో పోయాడు. చేతిలో ఒక కొడుకు. పేరు బాలమల్లు. పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు, నూలు దొరక్క మగ్గాలు పడుకున్న రోజుల్లో, గంజి నీళ్ళ మీద వాణ్ని సాకింది. రెండో ఏట వాడు లావెక్కడం మొదలుపెట్టాడు.

"అందరు సంబురపడ్డరు, పంతులమ్మా. ఐలవ్వ కొడుకు ఒళ్ళు చేసిండన్నరు. దిష్టి తగులుతదని మా అత్త పాదాలకు కాటుక వెట్టింది. నేను ఒక్కనాడు ఎత్తుకుని చెంపకు ఆనిచ్చుకున్న. తడి కట్టే. నా చెయ్యికి తెలిసింది. అయినా నమ్మలే. ఊరంత మంచిగున్నడంటుంటే నా చెయ్యి అబద్దమాడుతుందనుకున్న. పిలగాడు దక్కలే. ఇగ అప్పటి సంది ఎవ్వల మాట ఇనలే. నా చెయ్యి మాటే ఇంట," అంది.

ఊళ్ళో కేంద్రం పెట్టినప్పుడు ఆమె ఎవరూ పిలవకుండా వెళ్ళి ఆయా పని అడిగిందట. పిల్లల్ని ఎత్తుకునే పని కాబట్టి.

నేను చదివిన చదువులో తడి పదార్థాన్ని తూచి అదే దాని బరువని ఎవరైనా అంటే మార్కులు ఉండవు. ఆరబెట్టి, చల్లార్చి, మళ్ళీ తూచాలి. బిడ్డను ఆరబెట్టలేం కనుక వాడిలో మాంసమెంత, కొవ్వెంత, నీళ్ళెంత అని తేల్చడం గొప్ప లాబరేటరీలకే కష్టం. ఐలవ్వ దాన్ని చెంపతో చేస్తోంది. అది గోడ మీది పట్టికకు తెలియదు. మాంసకృత్తులు చాలక నీరు పట్టిన బిడ్డే అందరికన్నా ఎక్కువ ప్రమాదంలో ఉంటాడు, వాడినే ఆ పట్టిక బలిసినవాడంటుంది. ఆ గురువారం నుంచి మూడు వారాలపాటు ఐలవ్వ తీసిన తరుగే కొండల్‌కు పాలపొడి ఇప్పించింది.

ఆ సెప్టెంబరు నెల మధ్యలో ఒక గురువారం జీపు వచ్చింది.

దిగిన ఆఫీసరు చేతిలో నా ఉత్తరం ఉంది. మడతలు చూసి గుర్తుపట్టాను. ఆయన రిజిస్టరు తెరిపించి, వరండాలో ఉన్న పిల్లల్ని ఒక్కొక్కరినే తన ఎదుట తూయించాడు. కొండల్ వంతు వచ్చింది. కాటా తొమ్మిది కిలోల నూట యాభై చూపించింది.

"ఇక్కడ ఏడు కిలోల ఎనిమిది వందలని రాసుందే? మూడు వారాల్లో కిలోం పావు పైగా పెరిగాడా వీడు?"

సిద్దిరాములు లేచి నిలబడ్డాడు. "నీళ్ళ తరుగు తీసినం, సార్."

"నీళ్ళ తరుగేమిటయ్యా? ఇది ఉల్లిగడ్డల దుకాణమా?"

ఐలవ్వ ముందుకు వచ్చింది. కొండల్ పాదం మీద వేలు నొక్కి చూపింది. "జర చూడుండ్రి సారూ. గీ సొట్ట చూడుండ్రి. పిలగాని ఒంట్ల నీళ్ళున్నయి. కాటా నీళ్ళను గూడ తూస్తది. దానికి తెల్వది గద."

"కాటాకు తెలియదు, నీకు తెలుసు! పట్టికలో బరువని ఉంది. సొట్ట అని ఎక్కడైనా ఉందా, చూపించు."

నేను ఆగలేకపోయాను. "ఉండదండీ, ఉండాలి. ఇది రోగ లక్షణం. ఈ బిడ్డకు పాలపొడి ఆపితే మీరు ఆరోగ్యం చూసి కాదు, నీరు చూసి ఆపినట్టు. తడిసిన దాన్ని తూచి..."

ఆయన నా వైపు తిరిగాడు. ముఖం మెత్తబడింది. "మీరేనా అమ్మా ఉత్తరం రాసింది? సైన్సు చదువుకున్నారు. అంచనా మీద తరుగులు తీస్తున్నారని మీరే కదా తనిఖీ చేయమన్నారు? చేశాం. మీ పాపకు ఏడాది నిండింది, గీత ఏడున్నర. వెండితో కలిపి తూచినా కిందే ఉంది. మీ పాలపొడికి ఢోకా లేదు, సరేనా?"

ఐలవ్వ నా వైపు చూసింది.

"నువ్వు రాసినవా, పంతులమ్మా?"

నేను తల ఊపాను. ఆయన ఎర్ర సిరా కలం తీసి రెండు మాటలు రాశాడు. కొండల్ పేరు ఎదుటి అంకె కొట్టి, పాలపొడి ఆపేశాడు. ఐలవ్వను రేపటి నుంచి రావద్దన్నాడు. జావ గిన్నె ఖాళీ అయ్యేంత సేపట్లో ఏడేళ్ళ కొలువూ ఒక బిడ్డ పాలూ పోయాయి. రోజుకు ఆరుసార్లు జావ తినే నా కూతురికి మాత్రం పాలపొడి ఖాయం!

చీకటి పడకముందే ఐలవ్వ ఇంటికి పోయాను. రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుడుతోంది. ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని, ఉత్తరం ఎప్పుడు రాశానో, కంసాలి దగ్గర ఏం తేలిందో, ఆ తర్వాత ఎందుకు ఊరుకున్నానో అంతా చెప్పాను. ఏడ్చాను కూడా.

"రాస్తె రాసినవు," అంది కండె మీది చూపు తీయకుండా. "వెండి తూయించినంక మళ్ళ రాయకపోతివి. గదే తప్పు." తర్వాత రాట్నం ఆపింది. "గా ఏడుపు బందు వెట్టు. పిలగానికి ఏం పోస్తం, చెప్పు."

నర్మద పాలపొడి డబ్బా తీసి ఆమె ముందు పెట్టాను. మా ఇద్దరి మధ్య తేలాల్సిన లెక్క ఒకటే. కొండల్‌కు రోజుకు ఎంత పోయాలి? నేను కాగితం తీసి, తొమ్మిది కిలోల నూట యాభైని నూరుతో హెచ్చించబోయాను.

"గదేంది? తొమ్మిదికా?" అంది. "నీళ్ళకు ఆకలైతదా?"

నేను ఆ అంకె కొట్టేసి ఏడు కిలోల ఎనిమిది వందలకు లెక్క కట్టాను. రోగంలో ఉన్న బిడ్డకు ఒక్కసారిగా అంతా పోయకూడదని ఆమే అంది. కాచి చల్లార్చిన నీళ్ళలో పొడి కలిపి, రెండు గంటలకోసారి చిన్న గ్లాసుతో మొదలుపెట్టాలి. మెల్లగా పెంచి, పెసరకట్టు కలపాలి. ప్రతిరోజూ నేను కాగితం మీద రాసేదాన్ని, ఐలవ్వ పోయి చెప్పేది, లస్మవ్వ పోసేది.

ఆరో రోజు లస్మవ్వ డబ్బా పట్టుకుని ఐలవ్వ ఇంటికి వచ్చింది. చంకలో కొండల్ ఉన్నాడు. నేను అక్కడే ఉన్నాను. ఆమె నా ముఖం చూడలేదు.

"గిదిగో, మీ పొడి మీరే ఉంచుకోండ్రి. నా కొడుకు నిండుగ ఉండె. ఇప్పుడు చూడు, కాళ్ళు పుల్లలైనయి. గంటకోపారి బట్టలు తడుపుతుండు. వాడల అందరు అంటుండ్రు, పంతులమ్మ పొడి పిలగాని ఒళ్ళు తింటాందని."

నేను శరీర ధర్మాల గురించి ఏదో మొదలుపెట్టాను. నా మాటలు నాకే పొడిగా వినిపించాయి. ఐలవ్వ లేచి, మూలనున్న కుండలోంచి నానిన నూలు కట్ట ఒకటి తీసి లస్మవ్వ చేతిలో పెట్టింది.

"బరువున్నదా?"

"ఉన్నది."

ఐలవ్వ దాన్ని తీసుకుని రెండు చేతులతో మెలిపెట్టి పిండింది. నీళ్ళు ధారగా నేల మీద పడ్డాయి. మళ్ళీ లస్మవ్వ చేతిలో పెట్టింది.

"ఇప్పుడు?"

"అల్కగైంది."

"పోగు పోయిందానె?"

లస్మవ్వ నూలు కట్టనూ, కొడుకు కాళ్ళనూ చూసింది.

"పుట్టినప్పటి సంది నేసేదానివి. సావుకారు గిట్ల తడి కట్ట ఇస్తే తీసుకుంటవా నువ్వు? తిట్టి ముఖం మీద కొడ్తవు. మరి కొడుకు దగ్గర నీళ్ళను చూసి నిండుగున్నడని ఎట్ల మురిసినవే? తడి పోతాంది. ఉన్నంతల పోగు మిగులుతాంది. దాని మీద ఇగ కండ వెడ్తం. ఇంకో పది దినాలు పొయ్యి. ఆడకపోతే వచ్చి నన్ను తిట్టు."

లస్మవ్వ కొంగుతో ముఖం తుడుచుకుని డబ్బా మళ్ళీ చంకన పెట్టుకుంది. పోతూ పోతూ, "అత్తా, నీ నోరు మంచిది గాదు," అంది. ఐలవ్వ నవ్వింది. కొలువు పోయిన తర్వాత ఆమె నవ్వడం నేను అప్పుడే చూశాను.

తనిఖీ అయిన మూడో వారం గురువారం కొండల్‌ను కేంద్రానికి తీసుకుపోయాం. ఐలవ్వ గడప అవతలే నిలబడింది, లోపలికి రానివ్వరని. కొత్త ఆయాను ఇంకా వేయలేదు. సిద్దిరాములే కాటా మీద పెట్టి అంకె చూసి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"ఏడు కిలోల ఏడు నూర్ల యాభై." రిజిస్టరు వెనక్కి తిప్పాడు. ఎర్ర గీత కింద అతను రాసిన ఏడు కిలోల ఎనిమిది వందలు ఇంకా కనబడుతున్నాయి. "యాభై గ్రాములు తప్పింది, మేడం. అంతే. యాభై గ్రాములు." రిజిస్టరు వదిలి లేచాడు. గడప వైపు చూసి, "ఐలవ్వా! యాభై!" అని కేకేశాడు.

"మొలతాడు మార్చిందేమో లస్మవ్వను అడుగు," అంది ఆమె అక్కడి నుంచే.

ఇప్పుడు కొండల్ గీత కింద ఉన్నాడు. వాడి కళ్ళు తెరుచుకున్నాయి, చెయ్యి చాపి కాటా ముల్లు పట్టుకోబోతున్నాడు. నీళ్ళతో చావబోయినన్నాళ్ళూ వాడు సర్కారు లెక్కలో ఆరోగ్యవంతుడు. బతకడం మొదలుపెట్టిన రోజు బక్క లిస్టులోకి వచ్చాడు! సిద్దిరాములు పాలపొడి రాశాడు. ఎర్ర సిరా రాత పక్కన ఆ తరుగు సరైనదేనని రెండు ముక్కలు రాయమన్నాను. "ఎర్ర సిరా మీద మేం చెయ్యి పెట్టరాదు, మేడం," అన్నాడు.

నేను రెండో ఉత్తరం రాశాను. ఈసారి నాలుగు పేజీలు. రెండు తూకాలు, తేదీలు, సొట్ట ఎంతసేపు నిండలేదో, వాడికి రోజూ పోసిన పాల కొలతలు అన్నీ రాశాను. మొదటి ఉత్తరం నా అజ్ఞానంతో రాసిందని కూడా రాశాను. మొదటి ఉత్తరానికి నెలలో జీపు వచ్చింది. రెండోదానికి రెండున్నర నెలలు పట్టింది. జీపు రాలేదు, కార్డు వచ్చింది. అందులో ఉన్నది ఇంత: "సదరు బాలుడు తనిఖీ నాటి నుండి మూడు వారాలలో ఒక కిలో నాలుగు వందల గ్రాముల బరువు కోల్పోయినట్లు రిజిస్టరు వలన తెలియుచున్నది. ఇది తల్లి అశ్రద్ధ. పూర్వపు ఆయాను తిరిగి తీసుకొనుటకు కారణము కనబడదు."

తల్లి అశ్రద్ధ! గంటకోసారి తడి బట్టలు మార్చి, వాడంతా నవ్వుతుంటే రెండు గంటలకోసారి గ్లాసు పట్టిన లస్మవ్వ అశ్రద్ధ! ఆ కార్డు చదివి నేను రామచంద్రం గారి మీద అరిచాను. ఆయన తప్పేమీ లేదు, ఎదుట ఉన్నాడు కాబట్టి. ఆయన ఓపికగా విని, "అంకెలు సరిగ్గానే ఉన్నాయి కదా," అన్నాడు. అంకెలు సరిగ్గానే ఉన్నాయి. అదే నా కడుపుమంట. దేన్ని తూస్తున్నామో అడగని మనిషి చేతిలో సరైన అంకె ఎంత అన్యాయం చేయగలదో నా పుస్తకాల్లో ఎక్కడా లేదు.

ఇప్పుడు ఐలవ్వ చేనేత సంఘంలో కూర్చుంటుంది. నూలు బండి వచ్చినప్పుడు పిలుస్తారు. ఆమె ఒక్కో కట్టను చెంపకు ఆనించి తరుగు చెప్తుంది, సంఘంవాళ్ళు మారుమాట లేకుండా రాసుకుంటారు. ఈసారి మూడు అంకెలూ వేర్వేరుగా రాయిస్తుంది. అది మాత్రం నేను నేర్పాను. గురువారాలు మగ్గాలవాడ తల్లులు కేంద్రానికి పోతూ దారిలో ఆమె గడప ముందు ఆగుతారు. ముందు ఐలవ్వ చెయ్యి, తర్వాత సర్కారు కాటా.

మొన్న నర్మదను ఎత్తుకుని పోయేసరికి కొండల్ అక్కడే ఉన్నాడు. కండెల బుట్టను బోర్లించి, ఒక కండె పట్టుకుని పరుగెడుతున్నాడు. వాకిలంతా దారం.

"ఓరి నీ పాడుగాను! దొంగ బద్మాష్! ఇటు రా," అని తరిమి పట్టుకుంది ఐలవ్వ. వాడు కాళ్ళు తన్నుకుంటూ నవ్వుతున్నాడు. పైకెత్తి, వాడి తొడను చెంపకు ఆనించుకుని కళ్ళు మూసుకుంది. పాత అలవాటు. నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను.

"ఎంత తరుగు?" అన్నాను.

"తరుగెక్కడిది?" అంది కళ్ళు తెరిచి, వాడి పిడికిట్లోంచి కండె లాక్కుంటూ. "అంత నికరమే."